సాలార్ జంగు – ముద్రలేని వెండి

కరీంనగరు వెండి అల్లికపని నెరిగినవారు హైదరాబాదు సాలార్ జంగు మ్యూజియములో ఆ సామాను కనబడగానే ఒక క్షణము నిలిచిపోవుదురు. ఆ సేకరణమునకు ప్రధానకర్త మూడవ సాలార్ జంగు, నవాబు మీర్ యూసుఫ్ అలీఖాను.

ఆయన 1889 జూన్ 13న పూనాలో జన్మించిరి. నెల తిరుగకముందే తండ్రి గతించిరి. ఆరవ నిజాము సంరక్షణమున పెరిగి, 1912లో, ఇరువదిమూడేండ్ల ప్రాయమున ప్రధానమంత్రి అయిరి. 1914లో ఆ పదవి విడిచిరి. వివాహము చేసికొనలేదు. మిగిలిన కాలమంతయు వస్తుసేకరణమునకే వినియోగించిరి. రెబెక్కా శిల్పమువంటివి కొన్ని పూర్వులు చేర్చినవే. దానిని తాతగారు 1876లో సంపాదించిరి.

ఇట్టి సేకరణములో వెలకట్టుట యొక చిక్కు. ఇంగ్లండు వెండిపాత్రలలో పొడవైనది కాఫీకి, పొట్టిగా గుండ్రముగా నుండునది తేనీటికి. వానిపై సింహముద్ర, పట్టణముద్ర, సంవత్సరాక్షరము, పనివాని గురుతు ఉండును. నూటికి 92.5 పాళ్లు వెండియని ఆ సింహమే సాక్ష్యము. వెండిపూత సామానునకు ఆ సింహము ఉండదు.

ఎలగందులనుండి కరీంనగరు చేరిన పనివారి పాతసామానుపై అట్టి ముద్రలు వెదకి లాభము లేదు. పనినే చదువవలెను. సన్నని జంటతీగెలను పురిపెట్టి, చదునుచేసి, చట్రములో నమర్చి టంకముతో అతుకుదురు. అచ్చుపోసిన నకలులో పురి మొద్దువారును, అతుకు కనబడదు. (అల్లికలో నీరు నిలువదు గదా! అందుచేతనే కాబోలు తేనీటిపాత్రలకంటె పాందానులు, అత్తరుదానులు ఎక్కువ.) తూకమున వెలకట్టినచో పనివాని శ్రమ లెక్కకు రాదు, తీగెకు బరువెంత? ఆదిలాబాదు ఓజుల ఇత్తడిపోతయు నంతే. మైనము కరగించి పోతపోసి, మూసను పగులగొట్టుదురు గనుక ఒకదానివంటిది మరియొకటి రాదు.

1949 మార్చి 2న నవాబు మరణించిరి. సంతానము లేదు, దివాన్ దేవిడీలో దాదాపు 43 వేల వస్తువులు మిగిలినవి. బంధువులు పంచుకొన్నచో, ముద్రగలవి మంచివెలకు పోవును. ముద్రలేనివి తూకమునకు, ఆపై కొలిమికి. అట్లు జరుగలేదు. జేమ్సు కజిన్సు వానిని అమర్చి సర్దగా, 1951 డిసెంబరు 16న నెహ్రూ దేవిడీలోనే ప్రదర్శనశాలను ప్రారంభించిరి. 1958లో వారసులతో రాజీ కుదిరినది. 1961లో పార్లమెంటు చట్టము వచ్చినది. 1968లో సేకరణము మూసీ యొడ్డున నేటి భవనమునకు తరలినది.

విద్యార్థులను తీసికొనిపోవు ఉపాధ్యాయులు వెండి అల్లికను తిన్నగా చూపక, వెలుతురు దాని వెనుకనుండి వచ్చునట్లు ప్రక్కకు జరిగి చూపవలెను. అప్పుడు తీగె పురి కంటికి తెలియును.