గడ్డిపోచను లెక్కలోకి తీసుకున్న అటవీ అధికారి

చెట్టూ గడ్డీ లేని వాలు మీద గట్టి వాన పడితే ముందు కొట్టుకుపోయేది పైమట్టే. రాయపూర్ చుట్టూ 'భాటా' అని పిలిచే ఎర్ర కంకర మెట్టలకైనా, తూర్పు కనుమల్లోని బోడి కొండలకైనా సూత్రం ఒకటే: నేలను పట్టి ఉంచేది వేళ్లు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఈ సంగతిని ప్రభుత్వ కాగితాల్లోకి ఎక్కించిన తొలితరం అధికారుల్లో హ్యూ క్లెగ్‌హార్న్ ఒకరు. నేలను కాపాడే పేరుతో కొండ రైతును దోషిగా నిలబెట్టిన వారిలోనూ ఆయన ఉన్నారు.

క్లెగ్‌హార్న్ 1820 ఆగస్టు 9న మద్రాసులో పుట్టారు. తండ్రి అక్కడి సుప్రీంకోర్టులో ఉద్యోగి. నాలుగేళ్ల వయసులో ఆయనను స్కాట్లండ్‌లోని తాతగారింటికి పంపించారు. ఎడిన్‌బరోలో వైద్యం చదివి, 1842లో ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా మళ్లీ మద్రాసు చేరారు. మైసూరు ప్రాంతంలోని షిమోగాలో పనిచేస్తున్నప్పుడు మొక్కల మీద మనసు పడింది. స్థానిక చిత్రకారుడిని పెట్టుకుని, రోజుకో మొక్క చొప్పున బొమ్మలు వేయించారు. తర్వాతి కాలంలో మద్రాసులో గోవిందు అనే చిత్రకారుడు ఆయన కోసం ఎన్నో మొక్కలను చిత్రించాడు.

ఆరోగ్యం దెబ్బతిని 1848లో బ్రిటన్ వెళ్లడం ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. ఉష్ణమండల అడవుల నరికివేత వల్ల వచ్చే ఫలితాలపై బ్రిటిష్ అసోసియేషన్ వేసిన సంఘంలో ఆయనకు చోటు దక్కింది. 1851లో వచ్చిన ఆ సంఘం నివేదిక అడవికీ వానకూ, ఊటలకూ నేలకూ ఉన్న సంబంధాన్ని చర్చించింది. చెట్టు అంటే కలప మాత్రమే అనుకునే రోజుల్లో అది కొత్త చూపు.

తిరిగి వచ్చాక మద్రాసు వైద్య కళాశాలలో వృక్షశాస్త్రం బోధించారు. మద్రాసు తీరంలో ఇసుకను పట్టి ఉంచే మొక్కలపై 1850లలో ఒక వ్యాసం ప్రచురించారు. తెలుగు తీరానికీ ఆ మొక్కలు కొత్తవి కావు. రావణాసురుడి మీసాలు అని పిలిచే ముళ్ల గడ్డి ఇసుక మీద పాకుతూ కణుపు కణుపుకూ వేళ్లు దించుతుంది. ఎండిన దాని ముళ్ల బంతులు గాలికి దొర్లుతూ విత్తనాలను చల్లుకుంటూ పోతాయి. మేక గిట్టలాంటి ఆకులు, ఊదా పూలు ఉన్న తీర తీగ దానికి తోడవుతుంది. ఇవి గాలి వేగాన్ని తగ్గిస్తే ఇసుక అక్కడే పోగై, కాస్త నిలకడ వస్తుంది. ఆ తర్వాతే పొదలు, చెట్లు నిలదొక్కుకోగలుగుతాయి. కొండవాలు మీద కూడా క్రమం దాదాపు ఇదే: ముందు గడ్డి, తర్వాత చెట్టు.

1856లో గవర్నర్ లార్డ్ హారిస్ ఆయనను మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ సంరక్షకుడిగా నియమించారు. సరిగ్గా అదే ఏడాది మద్రాసు నుంచి తొలి రైలు కదిలింది. మైలు పట్టాలకు 1,760 నుంచి 2,000 స్లీపర్లు కావాలి. ఆ దశాబ్దంలో స్లీపర్ల కోసం ప్రెసిడెన్సీలో ఏటా 35,000 చెట్లు నరికారని అంచనా. కాంట్రాక్టర్ల విచ్చలవిడి నరుకుడును క్లెగ్‌హార్న్ తప్పుబట్టారు. కానీ రైలును ఆపే అధికారం ఆయనకు లేదు, ఆ ఉద్దేశమూ లేదు. ఆయన శాఖ పుట్టిందే రైలుకూ ఓడలకూ కలప కొరత రాకుండా చూడడానికి.

ఆంక్షల బరువు మాత్రం కొండ రైతు మీద పడింది. పడమటి కనుమల్లో 'కుమ్రి' అనే పోడు సేద్యాన్ని ఆయన గట్టిగా వ్యతిరేకించారు. 1860లో మద్రాసు ప్రభుత్వం దాన్ని కట్టడి చేసింది. 1861లో ఆయన దక్షిణ భారత అడవులు, తోటలపై పుస్తకం వెలువరించి, పంజాబు, హిమాలయ అడవుల పనికి వెళ్లిపోయారు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. పోడుపై ఆంక్షలు గోదావరి, విశాఖ మన్యాల్లో రాజేసిన కోపం 1922లో అల్లూరి సీతారామరాజు నడిపిన తిరుగుబాటుకు ఒక కారణమైంది. ఈ వరుసకంతా క్లెగ్‌హార్న్‌ను బాధ్యుడిని చేయలేం. అయితే నేల కోతకు పోడే ప్రధాన కారణమన్న వాదనకు శాస్త్రం ముద్ర వేసిన వారిలో ఆయన ఒకరన్నది కాదనలేని నిజం.

ఆయన 1895 మే 16న స్కాట్లండ్‌లో కన్నుమూశారు. సుమారు శతాబ్దం తర్వాత, 1980లలో, మట్టి కోతను ఆపే మార్గంగా ప్రపంచ బ్యాంకు నిపుణులు వట్టివేరును ప్రచారం చేశారు. వాలుకు అడ్డంగా వరుసగా నాటితే దాని దుబ్బులు నీటి వేగాన్ని తగ్గించి మట్టిని వడగడతాయి. మూడు మీటర్ల దాకా దిగగల వేళ్లు నేలను బిగించి పడతాయి. విశేషమేమిటంటే, మైసూరు దగ్గర గుండ్లుపేట రైతులు అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచే పొలం గట్ల మీద వట్టివేరు పెంచుతున్నారు.

బోడి వాలు మీద గడ్డి నాటడం కష్టమైన పని కాదు. వేరూనే దాకా పశువులు మేయకుండా చూడడమే కష్టం. అది అక్కడి మనుషులు ఒప్పుకుంటేనే సాగుతుంది. క్లెగ్‌హార్న్ గడ్డి బలాన్ని గుర్తించారు, దాన్ని కాపాడగల రైతును మాత్రం గుర్తించలేకపోయారు.