ముల్లర్ గారి లెక్కల పుస్తకం

జార్జ్ ముల్లర్ గారి పేరు వినగానే మన సంఘాలకు ప్రార్థన గుర్తుకొస్తుంది. మనుషుల ముందు చేయి చాచక, దేవుణ్ణే అడిగి వేలమంది అనాథలను పోషించిన విశ్వాసవీరుడని ప్రసంగాల్లో ఆయనను తలుచుకుంటాం. అది నిజమే. అయితే ప్రార్థనలో ఎంత నమ్మకంగా ఉన్నారో, లెక్కల పుస్తకం దగ్గరా ఆయన అంత నమ్మకంగా ఉన్నారు. ఈ రెండో సంగతి మనం అంతగా చెప్పుకోం.

ఆయన 1805 సెప్టెంబరు 27న ప్రష్యాలో, అంటే నేటి జర్మనీలో, పుట్టారు. తండ్రి ప్రభుత్వానికి పన్నులు వసూలు చేసే ఉద్యోగి. పొదుపు అలవడాలని పిల్లల చేతికి వయసుకు మించిన డబ్బిచ్చి లెక్క చెప్పమనేవాడు. జార్జ్ దొంగలెక్కలు చెప్పేవాడు. పదేళ్లు నిండకముందే తండ్రి దగ్గరున్న ప్రభుత్వ సొమ్ములోంచి దొంగిలించడం మొదలుపెట్టాడు. అనుమానం వచ్చిన తండ్రి ఒకనాడు డబ్బు లెక్కపెట్టి గదిలో ఉంచి వెళ్లాడు. అందులోంచి తీసిన సొమ్మును బూటులో పాదం కింద దాచి కొడుకు పట్టుబడ్డాడు. 16 ఏళ్ల వయసులో సత్రాల్లో దిగి బాకీ ఎగ్గొట్టినందుకు జైలుపాలైతే, తండ్రే ఆ బాకీ తీర్చి విడిపించాడు. ఆ యువకుడు హాలే విశ్వవిద్యాలయంలో వేదాంతం చదువుతూ, 1825లో ఒక ఇంట్లో జరిగిన ప్రార్థన కూడికలో ప్రభువును ఎరిగాడు.

1829లో ఇంగ్లాండు చేరిన ముల్లర్ గారు మరుసటి ఏడాది టిన్‌మత్‌లో ఒక చిన్న సంఘానికి కాపరి అయ్యారు. అదే ఏడాది మేరీ గ్రోవ్స్ గారిని పెళ్లాడారు. గోదావరి డెల్టాలో సువార్త పరిచర్య ప్రారంభించిన బౌడెన్, బీర్ దంపతులను 1836లో మన దేశానికి తోడ్కొని వచ్చిన ఆంథనీ నోరిస్ గ్రోవ్స్ గారు ఈమె సోదరుడే. చర్చిలో కూర్చునే చోటుకు అద్దె తీసుకుని పాస్టరుకు జీతమిచ్చే పద్ధతిని ముల్లర్ గారు అక్కడే మానేశారు. డబ్బున్నవారికి ముందు వరుస దక్కడం ఆయన మనస్సాక్షికి నచ్చలేదు.

1832లో బ్రిస్టల్ వెళ్లారు. 1834లో బైబిళ్ల పంపిణీకి, బడులకు, మిషనరీల సహాయానికి ఒక సంస్థ స్థాపించారు. 1836లో విల్సన్ వీధిలోని అద్దె ఇంట్లో అనాథాశ్రమం తెరిచారు. అప్పు చేయకూడదన్నది మొదటి నియమం. కానుక చిన్నదైనా పెద్దదైనా రసీదు ఇచ్చేవారు. వచ్చినది, ఖర్చయినది నివేదికగా అచ్చువేయించేవారు. దాతల పేర్లు మాత్రం బయటపెట్టేవారు కాదు. లెక్కలను ఇతరులచేత తనిఖీ చేయించేవారు.

ఈ పద్ధతి ఆయనను ఒకసారి ఇరకాటంలో పెట్టింది. 1841 చివర ఆశ్రమంలో పూటపూటకూ ఇబ్బందిగా ఉన్న సమయానికే వార్షిక నివేదిక చెప్పాల్సి వచ్చింది. ఆ స్థితిలో లెక్కలు చదివితే అది భిక్షమడిగినట్టే అవుతుందని ఆయన భయపడ్డారు. సభను కొన్ని నెలలు వాయిదా వేశారు. తర్వాత నివేదికను దాచకుండా ప్రకటించారు. కానుకల కోసం లెక్క చెప్పలేదు, కానుకలు రావేమోనని లెక్క ఎగ్గొట్టనూ లేదు.

1845లో విల్సన్ వీధివారు పిల్లల రద్దీవల్ల ఇబ్బందిగా ఉందని ఫిర్యాదు చేశారు. ఆ మాటలో న్యాయం ఉందని ఒప్పుకుని ఆయన ఆష్లీ డౌన్‌లో స్థలం కొన్నారు. 1849లో తెరిచిన ఆ భవనం ఆయన సొంత ఆస్తి కాలేదు. ట్రస్టు దస్తావేజులు రాయించి ఛాన్సరీ కోర్టులో నమోదు చేయించారు. స్థలం, కట్టుబడి, సామగ్రి, ఆ నమోదు ఖర్చు కూడా పోను నిర్మాణ నిధిలో ఇంకా 776 పౌండ్లు మిగిలాయి. 1870 నాటికి అక్కడ అయిదు భవనాలు, 2,050 మంది పిల్లలకు చోటు ఏర్పడ్డాయి.

తన తర్వాత బాధ్యత ఎవరిదన్నదీ ఆయన బతికుండగానే తేల్చారు. జేమ్స్ రైట్ గారిని ఎంచుకున్నారు. రైట్ గారు తర్వాత ఆయన అల్లుడయ్యారు గాని, ఎంపిక జరిగింది అంతకుముందే. 1898 మార్చి 10న ముల్లర్ గారు ప్రభువునందు నిద్రించేనాటికి ఆయన చేతుల మీదుగా 14 లక్షల పౌండ్లకు పైగా పరిచర్యకు వెళ్లాయి. ఆయన సొంతానికి మిగిలింది రెండు వందల పౌండ్ల లోపే. పరిచర్య ఆగలేదు, ఆస్తికోసం తగవు రాలేదు.

మన మధ్య సంగతి ఏమిటి? విశ్వాసుల కానుకలతో కొన్న స్థలం పాస్టరు పేర రిజిస్టరై, ఆయన కన్నుమూశాక సంఘమూ కుటుంబమూ కోర్టు మెట్లెక్కితే నష్టపోయేది సువార్తే. సొసైటీగా నమోదైన సంఘం ఏటా సర్వసభ్య సమావేశం జరపాలి, కమిటీ జాబితాను రిజిస్ట్రారుకు అందజేయాలి. విదేశీ విరాళం తీసుకునే సంస్థ ప్రతి ఏడూ కేంద్ర ప్రభుత్వానికి లెక్క చూపాలి. ఇదంతా లోకసంబంధమైన పని, మనది ఆత్మీయ పరిచర్య అని కొందరు అంటారు. యెరూషలేములోని పేదల కోసం పోగుచేసిన కానుకను పౌలు ఒంటరిగా మోసుకుపోలేదు. దేవుని దృష్టికే గాక మనుష్యుల దృష్టికీ నిందలేకుండా ఉండాలని, సంఘాలు ఏర్పరచిన సహోదరుణ్ణి వెంట పెట్టుకున్నాడు. రెండవ కొరింథీ పత్రిక 8వ అధ్యాయం మరోసారి చదవండి.

పాస్టరు గారిని లెక్క అడగడం అవిధేయత కాదు. అడగకముందే చూపించడం కాపరికి క్షేమం. కాబట్టి ఈ ఏడాది సర్వసభ్య సమావేశానికి ముందే ప్రతి సంఘ కమిటీ మూడు కాగితాలు బయటికి తీసి చూసుకోవాలి: స్థలం దస్తావేజు, ఆడిట్ నివేదిక, రిజిస్ట్రారుకు ఇచ్చిన కమిటీ జాబితా. వాటిలో ఏది లేకపోయినా ప్రార్థించి, మర్నాడే ఆ పని మొదలుపెట్టండి.