సర్పముల నెరిగిన వైద్యుడు

రక్తపింజరి యను పాము పేరు విననివారు తెలుగునాట అరుదు. వరికుప్పల యందును తుప్పల యందును ఎలుకలకై పొంచియుండి, అడుగు దగ్గరపడగానే గట్టిగా బుసకొట్టు ఈ పామునకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరులో ఒక వైద్యుని పేరు కలసియున్నది. ఆయనయే పాట్రిక్ రస్సెల్. స్కాట్లండు దేశమందలి ఎడింబరో నగరము ఆయన జన్మస్థలము. కాని ఆయన పాములను పరిశీలించినది విశాఖపట్టణమున.

రస్సెల్ యౌవనమంతయు సిరియా దేశపు అలెప్పో నగరమున గడచెను. అచటి ఇంగ్లీషు వర్తకులకు ఆయన సవతి అన్న అలెగ్జాండర్ వైద్యుడుగా నుండెను. 1750లో రస్సెల్ అన్నను చేరి, కొలది యేండ్లకు ఆ వైద్యపదవిని తానే స్వీకరించెను. 1760 మొదలు కొన్ని సంవత్సరములపాటు ఆ నగరమున మహామారి చెలరేగగా, ఆయన రోగుల లక్షణములను శ్రద్ధతో గమనించి వ్రాసియుంచెను. చూచినదానిని చూచినట్లు వ్రాసికొనుట అచ్చటనే ఆయనకు అలవాటయ్యెను.

1781లో ఆయన తమ్ముడు క్లాడ్ రస్సెల్ ఈస్టిండియా కంపెనీ అధికారిగా విశాఖపట్టణమునకు వచ్చెను. ఏబదియేండ్లు దాటిన పాట్రిక్ తమ్మునికి తోడుగా వచ్చి, సముద్రతీరమున మొక్కలను, చేపలను సేకరింప నారంభించెను. 1785లో కంపెనీ ప్రకృతిశాస్త్రజ్ఞుడైన కోనిగ్ మరణింపగా ఆ ఉద్యోగము రస్సెల్‌కు లభించెను. మొక్కలను గూర్చిన పని చాలినంత యుండెను. అయినను వైద్యుడగుటచే ఆయన మనస్సు పాముకాట్ల మీదికి పోయెను.

ఆ కాలమున పాము కరచినవానికి మంత్రము వేయువారును, వేరు నూరి పోయువారును, మాత్ర మ్రింగించువారును కలరు. తంజావూరు మాత్రకు దొరలలో సైతము గొప్ప పేరుండెను. మాత్ర మ్రింగినవారు పెక్కురు బ్రతికిరనుట నిజమే. కాని వారిని కరచిన పాము ఏది? చీకటిలో కాలికేదో తగిలినది, చురుక్కుమన్నది, గడ్డిలో తోక మాయమైనది. అంతకుమించి చెప్పగలవారు లేరు. అది విషములేని పామైనచో రోగి ఏ మందు లేకున్నను బ్రతుకును. విషసర్పమైనను కరచిన ప్రతిమారును విషమెక్కింపదు. బ్రతికినచో కీర్తి మాత్రకు దక్కుచుండెను. చచ్చినచో నింద విధి మీదికి పోవుచుండెను. మందు గుణము తేలవలెనన్న ముందు పాము ఏదో తేలవలెను. రస్సెల్ ఈ చిక్కును గ్రహించెను.

ఆయన పాములను తెప్పించి ఒక్కొక్కదానిని విడివిడిగా పరీక్షించెను. దేహపు పొడవు, రంగు, మచ్చల తీరు, తలమీది పొలుసుల అమరిక వ్రాసికొనెను. స్వీడను దేశపు లినేయస్ చూపిన పద్ధతిని, పొట్టక్రింది పలకలను, తోకక్రింది పొలుసులను లెక్కించెను. అన్నిటికంటె ముఖ్యముగా నోరు తెరిపించి కోరలు చూచెను. పై దవడ ముందుభాగమున పొరలో దాగిన విషపుకోర ఉన్నచో అది విషసర్పము. వరుసగా చిన్న పండ్లు మాత్రమే యున్నచో భయములేదు.

ఇంతకంటె సులభమైన గుర్తు, దూరమునుండి చూడగానే విషసర్పమును తెలిపెడు బాహ్యలక్షణము, ఒక్కటి దొరకిన చాలునని ఆయన మిక్కిలి వెదకెను. అట్టిది దొరకలేదు. రంగును నమ్ముదమన్న పసిరికపాము ఆకుపచ్చనిది, బోద్రుపామును ఆకుపచ్చనిదే. మొదటిది కొరడావలె సన్నమై మనుష్యుని ప్రాణమునకు హాని చేయనిది. రెండవది వెడల్పు తలతో కోరలు గలిగిన విషసర్పము. కట్లపామువలె అడ్డచారలు గలిగి, ఇండ్లలో బల్లులకై తిరుగు విషములేని చిన్నపాము వేరొకటి కలదు. పడగ దించిన నాగుపామునకును జెర్రిపోతునకును భేదము దూరమునుండి తెలియదు. కావున ఒక్కొక్క పామును దాని ముఖముతో, దాని ఒంటిరాతతో నేర్చుకొనవలసినదే. పొరుగువారిని ఎరుగుటయు ఇట్టిదే కదా!

ఈ పనిలో ఆయనకు తెలుగు పేర్లు అక్కరకు వచ్చెను. ఆయన వాటిని మార్పక ఇంగ్లీషు లిపిలో వ్రాసికొనెను. మన రక్తపింజరి ఆయన గ్రంథమున కాటుక రేకుల పొడ. పొడ యనగా మచ్చ. వీపున మూడు వరుసలుగా, నల్లని అంచుతో రేకులవలె సాగిన మచ్చలను చూచినవారికి ఆ పేరుకంటె మంచి వర్ణన దొరకదు. కొండచిలువ పెద్దపొడ. నలుపు పసుపు కట్లు గల పాము బంగారు పాము.

పిమ్మట ఆయన విషసర్పములచే కోళ్లను, కుక్కలను కరపించి, ఎంతసేపటికి ఏ లక్షణము కనిపించెనో, ఎప్పుడు ప్రాణము పోయెనో గుర్తించెను. ఈ భాగము చదువుట నేడు కష్టముగా నుండును. అయినను తంజావూరు మాత్ర పనిచేయదని తేలినది ఈ ప్రయోగముల వలననే. కాటుక రేకుల పొడ విషమున నాగుపాము తరువాత లెక్కింపదగినదని ఆయన నిర్ణయించెను.

1789లో రస్సెల్ స్వదేశమునకు మరలెను. ఆ ఉద్యోగము విలియం రాక్స్‌బర్గ్‌కు వచ్చెను. 1796లో కోరమాండల్ తీరపు సర్పములను గూర్చిన రస్సెల్ గ్రంథము, నలువదికి పైగా రంగుల చిత్రపటములతో వెలువడెను. అందు విషపుకోరలు గలవి కొలది మాత్రమే. అన్ని పాములును విషసర్పములే యని భయపడు జనులకు ఇది క్రొత్త సంగతి. మరుసటి సంవత్సరమున, 1797లో, షా అను శాస్త్రజ్ఞుడు కాటుక రేకుల పొడకు రస్సెల్ పేరు పెట్టెను. 1803లో విశాఖపట్టణపు రెండువందల చేపల గ్రంథమును రస్సెల్ ప్రకటించెను. 1805 జూలైలో ఆయన లండనులో మరణించెను. సర్పగ్రంథపు చివరి భాగములు అటుపిమ్మట 1809 నాటికి పూర్తిగా అచ్చయ్యెను.

పాముకాటునకు నిజమైన విరుగుడు ఆయన చూడలేదు. ఫ్రాన్సు దేశమున కాల్మెట్ దానిని సాధించినది 1890 తరువాతనే. గుర్రములకు కొద్దికొద్దిగా విషమెక్కించి, వాటి రక్తమునుండి ఆ మందు తీయుదురు. నేడు భారతదేశపు ఆసుపత్రులలో ఇచ్చు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపొడ అను నాలుగింటి విషమునకు విరుగుడు. ఈ నాలుగును రస్సెల్ పుటలలో నున్నవే. ఇక ఆయన వ్రాసికొన్న బంగారు పాము అను తెలుగు పేరునుండియే 1803లో దోదాన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కట్లపాముల వర్గమునకు బంగారస్ అను పేరు కల్పించెను. ఆసియాఖండమందలి కట్లపాములన్నిటిని నేటికిని శాస్త్రజ్ఞులు ఆ పేరుతోనే పిలుచుచున్నారు.