మూగ కాదు.. మోగే మోగ్!

ఈసీఈ వాళ్లయితే వోల్టేజ్ కంట్రోల్డ్ ఆసిలేటర్ పేరు వినే ఉంటారు. ల్యాబ్‌లో 566 చిప్ పెట్టి, వోల్టేజీ మారుస్తూ ఫ్రీక్వెన్సీ రీడింగులు రాసుకుని, వైవా అవగానే మర్చిపోతామే.. అదే! దాంతోనే ఒకాయన సంగీతాన్ని మలుపు తిప్పారు. పేరు రాబర్ట్ మోగ్. చాలామంది 'మూగ్' అంటారు గానీ, మోగ్ అనే పలకాలి. మన చెవికీ అదే బాగుంటుంది.

1934లో న్యూయార్క్‌లో పుట్టారు. నాన్న ఇంజినీరు. అమ్మ పియానో నేర్పించేది, కొడుకు ధ్యాస మాత్రం సోల్డరింగ్ మీద. పద్నాలుగేళ్లకే థెరమిన్ చేశారు. ముట్టుకోకుండా గాల్లో చేతులు కదిపితే పలికే వాద్యం అది. కాలేజీ రోజుల్లోనే దాన్ని అమ్మే చిన్న కంపెనీ పెట్టారు. క్వీన్స్ కాలేజీ, కొలంబియా, కార్నెల్.. చదువూ కిట్ల అమ్మకాలూ కలిసే నడిచాయి. పీహెచ్‌డీ 1965లో గానీ చేతికి రాలేదు.

1963లో హెర్బర్ట్ డ్యూష్ అనే స్వరకర్త పరిచయమయ్యారు. అప్పట్లో ఎలక్ట్రానిక్ సంగీతమంటే ఒక్కో ధ్వనినీ టేపు మీద రికార్డు చేసి, ముక్కలు కోసి అతికించడమే. ఆసిలేటర్ శ్రుతి మారాలంటే చేత్తో నాబ్ తిప్పాలి. ఆ పని వోల్టేజీకే అప్పజెబితే? 1964లో ఇద్దరూ కూర్చుని చేసింది అదే.

ఇందులో ఓ చిక్కుంది. 'స' నుంచి పై 'స'కి వెళ్తే ఫ్రీక్వెన్సీ రెట్టింపవుతుంది: 220, 440, 880. వోల్టేజీ మాత్రం సమానంగా పెరుగుతుంది. ట్రాన్సిస్టర్ ఎక్స్‌పొనెన్షియల్ గుణాన్ని మోగ్ ఇక్కడ వాడుకున్నారు. ఒక వోల్టు పెంచితే సరిగ్గా ఒక స్థాయి పైకి. మీరు పరీక్షలో డెరివేషన్‌గా రాసే ఈక్వేషనే! తర్వాత ఎన్నో కంపెనీలు ఇదే లెక్క పాటించాయి.

అయితే ట్రాన్సిస్టర్ వేడెక్కితే శ్రుతి జారిపోయేది. చాలా ఏళ్లకు డగ్ కర్టిస్ రూపొందించిన సీఈఎం3340 చిప్, వేడిని సరిచేసే ఏర్పాటుతో సహా ఆసిలేటర్ మొత్తాన్నీ ఒక్క ఐసీలోకి తెచ్చింది. లెక్క మాత్రం అదే, వోల్టుకో స్థాయి.

1968లో వెండీ కార్లోస్ మోగ్ సింథసైజర్ మీద బాఖ్ సంగీతం వాయించి విడుదల చేసిన ఆల్బమ్ మూడు గ్రామీలు గెలిచింది. 1970లో మినీమోగ్ వచ్చింది. పేరు మార్మోగిపోయింది.

స్టార్టప్ ఆలోచన ఉన్నవాళ్లు ఇక్కడ కాస్త ఆగి చదవండి. సర్క్యూట్లు తెలిసినంతగా ఆయనకు వ్యాపారం తెలియదు. అప్పుల్లో పడి 1971లో కంపెనీ మీద పట్టు పోయింది. సొంత పేరున్న కంపెనీలోనే ఉద్యోగిగా మిగిలి, 1977లో బయటికొచ్చేశారు. 1978లో బిగ్ బ్రయర్ పేరుతో కొత్త కంపెనీ పెట్టుకుని, మళ్లీ థెరమిన్లూ చేశారు. తన పేరు తన వాద్యాల మీద వేసుకునే హక్కు తిరిగి దక్కేసరికి 2002 వచ్చింది. మూడేళ్లకే, 2005 ఆగస్టు 21న, 71 ఏళ్ల వయసులో బ్రెయిన్ ట్యూమర్‌తో కన్నుమూశారు.