శాన్ మార్టిన్

దక్షిణ అమెరికా ఖండానికి పడమటి అంచున, ఉత్తరం నుండి దక్షిణం దాకా గోడ కట్టినట్లు ఆండీస్ పర్వతాలు నిలిచి ఉన్నాయి. వాటికి తూర్పున అర్జెంటీనా, పడమట చిలీ, చిలీకి ఉత్తరాన పెరూ ఉన్నాయి. నేడు ఇవి మూడూ స్వతంత్ర దేశాలు. రెండు వందల ఏళ్ల క్రితం వరకు ఇవి స్పెయిన్ రాజు ఏలుబడిలో ఉండేవి. స్పెయిన్ అట్లాంటిక్ మహాసముద్రానికి ఆవల ఎంతో దూరాన ఉంది. అయినా ఇక్కడి గనులలోని వెండి, వర్తకం, పన్నులు ఆ రాజు గుప్పిట్లోనే ఉండేవి. ఇక్కడ పుట్టిన స్పానిష్ సంతతివారికి సైతం పెద్ద పదవులు అరుదుగా దక్కేవి. ఆదివాసులు తలపన్ను కట్టేవారు. ఆఫ్రికా నుండి తెచ్చిన నల్లజాతివారు బానిసలుగా బతికేవారు. ఈ పరాయి పాలనను తొలగించడానికి పోరాడిన మహావీరులలో హోసే దె శాన్ మార్టిన్ ఒకడు.

శాన్ మార్టిన్ 1778 ఫిబ్రవరి 25న, నేటి అర్జెంటీనాలోని యపెయు గ్రామంలో జన్మించాడు. తండ్రి స్పెయిన్ సైన్యంలో అధికారి. చిన్నతనంలోనే తల్లిదండ్రులతో స్పెయిన్ వెళ్లిన శాన్ మార్టిన్ పదకొండవ ఏట సైన్యంలో చేరాడు. ఇరవై ఏళ్లకు పైగా ఆ దేశం తరఫున యుద్ధాలు చేశాడు. 1808లో ఫ్రాన్స్ చక్రవర్తి నెపోలియన్ స్పెయిన్‌ను ఆక్రమించగా, ఆ సేనలను ఎదిరించి పతకం పొందాడు. 1810లో బ్యూనస్ ఎయిర్స్ ప్రజలు స్పెయిన్ ప్రతినిధిని తొలగించి సొంత ప్రభుత్వం ఏర్పాటు చేసుకొన్నారు. అప్పుడు శాన్ మార్టిన్ తన ఉద్యోగాన్ని వదిలి 1812లో మాతృభూమికి తిరిగి వచ్చాడు.

స్పెయిన్ బలమంతా పెరూ రాజధాని లిమాలో ఉంది. లిమా లొంగనంతకాలం ఏ దేశానికీ నిజమైన స్వేచ్ఛ ఉండదని ఆయన గ్రహించాడు. ఉత్తరపు కొండల మీదుగా వెళ్లిన సైన్యాలు ఓడిపోయి తిరిగి వచ్చాయి. అందువల్ల ఆయన మరో మార్గం ఆలోచించాడు. ముందు ఆండీస్ దాటి చిలీని విడిపించాలి. అక్కడి నుండి ఓడలలో లిమాకు చేరాలి. విన్నవారికి ఇది అసాధ్యమనిపించింది.

1814లో ఆయన పర్వతాల అంచున ఉన్న మెండోసాలో గవర్నరు పదవి చేపట్టాడు. అక్కడి ప్రజలు పేదవారు. అయినా రైతులు పశువులను, స్త్రీలు తమ నగలను ఇచ్చారు. లూయిస్ బెల్ట్రాన్ అనే క్రైస్తవ సన్యాసి కొలిమి పెట్టి, చర్చి గంటలను కరిగించి ఫిరంగులు పోతపోయించాడు. స్వేచ్ఛ ఇస్తామన్న మాట మీద ఎందరో నల్లజాతి బానిసలు సైనికులయ్యారు. వారిలో చాలామంది ఆ యుద్ధాలలోనే ప్రాణాలు విడిచారు.

కొండదారుల వివరాలు తెలుసుకోవడానికి శాన్ మార్టిన్ ఒక ఉపాయం పన్నాడు. 1816 జులై 9న అర్జెంటీనా స్వాతంత్ర్యం ప్రకటించుకొంది. ఆ ప్రకటన ప్రతిని అల్వారెస్ కొండార్కో అనే అధికారి చేతికిచ్చి, చిలీలోని స్పెయిన్ గవర్నరు వద్దకు దూరపు దారిన పంపాడు. గవర్నరు మండిపడి, అతనిని దగ్గరి దారిన వెంటనే వెళ్లగొట్టాడు. కాగితం మీద ఒక్క గీత గీయకుండానే కొండార్కో రెండు దారులనూ మనసులో ముద్రించుకొని వచ్చాడు. ఇక దక్షిణాన ఉన్న పెహుయెంచే ఆదివాసుల నాయకులను శాన్ మార్టిన్ కలిసి, తమ ప్రాంతం గుండా సైన్యాన్ని వెళ్లనివ్వమని కోరాడు. ఆ మాట శత్రువు చెవిన పడుతుందని ఆయనకు తెలుసు. అలాగే జరిగింది. శత్రువు తన సైన్యాన్ని చీల్చి పలుచోట్ల కాపలా పెట్టాడు.

1817 జనవరిలో సుమారు 5000 మంది ఆరు కనుమల గుండా బయలుదేరారు. ముఖ్యమైన సేనలు రెండు కనుమలలో నడిచాయి. ఎండబెట్టి దంచిన మాంసంలో కొవ్వు, మిరపకారం కలిపి ఆహారంగా తీసుకువెళ్లారు. గాలి పలుచబడి ఊపిరాడనప్పుడు తినడానికి ఉల్లి, వెల్లుల్లి ఉంచుకొన్నారు. కొన్నిచోట్ల దారి నాలుగు వేల మీటర్ల ఎత్తుకు పైగా సాగింది. రాత్రిళ్లు గడ్డకట్టించే చలి. వెంట తెచ్చిన వేలాది కంచరగాడిదలలో, గుర్రాలలో సగానికి పైగా దారిలోనే చనిపోయాయి. కడుపునొప్పితో బాధపడుతూనే శాన్ మార్టిన్ సైన్యాన్ని నడిపించాడు. ఫిబ్రవరి 12న చకబూకో వద్ద శత్రువును ఓడించాడు.

చిలీ ప్రజలు ఆయననే పాలకుడుగా ఉండమన్నారు. ఆయన అంగీకరించలేదు. ఆ బాధ్యతను చిలీ వీరుడు ఓహిగిన్స్ స్వీకరించాడు. శాంటియాగో నగరం కానుకగా ఇచ్చిన 10,000 పెసోలను శాన్ మార్టిన్ గ్రంథాలయ నిర్మాణానికే ఇచ్చివేశాడు. 1818 ఏప్రిల్ 5న మైపూ యుద్ధంలో గెలిచి చిలీ స్వాతంత్ర్యాన్ని సుస్థిరం చేశాడు.

ఇంతలో అర్జెంటీనాలో అంతఃకలహాలు చెలరేగాయి. సైన్యంతో తిరిగివచ్చి ప్రత్యర్థులను అణచమని బ్యూనస్ ఎయిర్స్ ప్రభుత్వం ఆదేశించింది. సొంత ప్రజల మీద కత్తి దూయడానికి మనసొప్పక ఆయన ఆ ఆజ్ఞను పాటించలేదు. 1820లో కాక్రేన్ నడిపిన ఓడలలో పెరూకు బయలుదేరాడు. లిమా మీద పడి రక్తపాతం సృష్టించక, ఓపికతో వేచి ఉన్నాడు. చివరకు శత్రువు నగరాన్ని విడిచిపోయాడు. 1821 జులై 28న పెరూ స్వాతంత్ర్యాన్ని ప్రకటించి, పాలన చేపట్టాడు. ఆదివాసుల తలపన్ను రద్దుచేశాడు. ఆనాటి నుండి బానిసలకు పుట్టే బిడ్డలు స్వతంత్రులని శాసించాడు. లిమాలో జాతీయ గ్రంథాలయం స్థాపించి, తన పుస్తకాలను దానికి ఇచ్చాడు.

కాని కొండలలో స్పెయిన్ సైన్యం ఇంకా బలంగానే ఉంది. పెరూకు ఐరోపా నుండి ఒక రాజకుమారుణ్ణి రాజుగా తేవాలన్న ఆయన ఆలోచన చాలామందికి నచ్చలేదు. ఉత్తరాన సైమన్ బొలివార్ పెద్ద సైన్యంతో విజయాలు సాధిస్తున్నాడు. 1822 జులైలో గుయాకిల్ నగరంలో వీరిద్దరూ ఏకాంతంగా మాట్లాడుకొన్నారు. తరువాత శాన్ మార్టిన్ లిమాకు వచ్చి సెప్టెంబరులో పదవిని వదులుకొన్నాడు. మిగిలిన యుద్ధం బొలివార్ చేతికి వచ్చింది. ఇద్దరు నాయకులు పోటీపడితే శత్రువుకే లాభం కదా! 1824లో అయకూచో యుద్ధంతో పెరూ విముక్తి ఖాయమైంది.

భార్య రెమెడియోస్ 1823లో మరణించింది. ఆమె కడసారి చూపు కూడా ఆయనకు దక్కలేదు. మరుసటి సంవత్సరం కూతురిని తీసుకొని ఐరోపా వెళ్లాడు. 1829లో స్వదేశం చూడాలని బ్యూనస్ ఎయిర్స్ రేవు దాకా వచ్చాడు. అక్కడ సోదరులే కత్తులు దూసుకొంటున్నారు. ఏ పక్షంలోనూ చేరడం ఇష్టంలేక, ఓడ దిగకుండానే వెనుదిరిగాడు. 1850 ఆగస్టు 17న ఫ్రాన్స్‌లో కన్నుమూశాడు. 1880లో ఆయన అస్థికలను తెచ్చి బ్యూనస్ ఎయిర్స్ ప్రధాన చర్చిలో ఉంచారు.

మూడు దేశాల స్వేచ్ఛ కోసం పోరాడిన ఆ వీరుడు వాటిలో ఏ ఒక్కదానినీ తనదిగా చేసుకోలేదు. గెలవడం తెలిసినవారు లోకంలో ఎందరో ఉన్నారు. గెలిచినదానిని ప్రజలకు అప్పగించి తప్పుకోవడం తెలిసినవారు కొందరే. శాన్ మార్టిన్ ఆ కొందరిలో ఒకడు. అందుకే ఆ దేశాల ప్రజలు ఆయనను నేటికీ కృతజ్ఞతతో స్మరిస్తున్నారు.