ఓడ అడుగున ఏముంది?



మన కొడంగల్‌కు సముద్రం లేదు. కందిచేలు, తాండూరు బండల క్వారీలు, వానాకాలంలో పొంగి ఎండాకాలంలో సన్నబడే కాగ్నా నది, ఇవీ మనకు తెలిసిన నేల, నీరు. మన సంఘాల్లో తెరచాప ఎత్తిన ఓడను కళ్లారా చూసినవారు బహు కొద్దిమంది. అయినా ఆదివారం ఆరాధనలో మన నోట ఎన్ని ఓడ మాటలు వస్తాయో గమనించారా? నిరీక్షణను లంగరు అంటాం. నాలుకను చుక్కానితో పోలుస్తాం. జీవితం నావ, శ్రమలు తుఫాను. ఈ మాటలన్నీ తీరం నుంచి మన దగ్గరికి పరిశుద్ధ గ్రంథం మోసుకొచ్చినవే.

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం తెరవండి. పౌలును రోమాకు తీసుకుపోతున్న ఓడ పగిలిపోయిన కథ అది. అందులో అనివి, అమరము అని రెండు మాటలున్నాయి. చాలామంది వీటిని చదువుకుంటూ దాటిపోతారు. ఓడ ముందు కొన అనివి. వెనుక కొన అమరము. తమిళ తీరంలో జాలర్లు ఈ రెంటినీ అణియం, అమరం అంటారు. ఓడను మలుపు తిప్పేది చుక్కాని. గాలిని పట్టేది తెరచాప. తెరచాపను మోసేది నిలువుగా నాటిన కొయ్య. ఆ కొయ్యను అటూ ఇటూ పడిపోకుండా పట్టి ఉంచేవి ఓడత్రాళ్లు. ఓడను ఒకచోట నిలిపేది లంగరు. నావికులు నడిచే పైతట్టును ఇప్పుడు మనం డెక్ అంటున్నాం. దాని కింద సరుకు నింపే చీకటి భాగం ఓడ అడుగు. యోనా వెళ్లి పడుకున్నది అలాంటి చోటే.

ఈ భాగాలన్నిటినీ చేతులతో తడిమి, వాటి మీదే బతికి, ఆ తర్వాత కాపరియైన ఒక మనిషి కథ ఈ వారం చెప్పుకుందాం. ఆయన జాన్ న్యూటన్. అమేజింగ్ గ్రేస్ అనే కీర్తన రాసినవాడు. 2025తో ఆయన పుట్టి 300 ఏళ్లు నిండాయి. తుఫానులో దేవుడు ఆయనను కాపాడాడన్న సాక్ష్యం మన ప్రసంగాల్లో తరచు వినబడుతుంది. అయితే ఆ కథను అక్కడే ఆపేస్తే సగమే చెప్పినట్టు.

న్యూటన్ 1725 జూలై 24న లండన్‌లో, థేమ్స్ నది ఒడ్డునున్న వాపింగ్‌లో పుట్టాడు. తండ్రి వ్యాపార నౌకకు కెప్టెన్. తల్లి ఎలిజబెత్ భక్తురాలు. కొడుకుకు పసితనంలోనే వాక్యం, కీర్తనలు నేర్పింది. అతనికి ఏడేళ్లు నిండకముందే ఆమె క్షయతో చనిపోయింది. 11 ఏళ్లకే తండ్రి వెంట ఓడ ఎక్కాడు. మన పిల్లలు బడిలో ఎక్కాలు నేర్చుకునే వయసులో అతడు త్రాళ్లు ముడివేయడం, తెరచాప చుట్టడం నేర్చుకున్నాడు.

1744లో యుద్ధ సమయం. నౌకాదళానికి మనుషులు చాలక దొరికిన యువకులను బలవంతంగా పట్టుకుపోయేవారు. అలా న్యూటన్ హార్విచ్ అనే యుద్ధనౌకలో పడ్డాడు. తండ్రి పలుకుబడితో చిన్న అధికారి హోదా దక్కినా, నిలుపుకోలేదు. తీరానికి పంపితే పారిపోయాడు. పట్టుబడ్డాడు. అందరి ముందు కొరడా దెబ్బలు తిన్నాడు, హోదా పోయింది. హార్విచ్ వెళ్లవలసింది మన దేశం వైపే. 1745లో మదీరా దీవి దగ్గర ఆగినప్పుడు న్యూటన్‌ను మరో ఓడకు మార్చారు. హార్విచ్ తన దారిన వచ్చి, 1746లో నాగపట్నం ఎదుట ఫ్రెంచి నౌకలతో పోరాడింది. ఆ మార్పిడి జరగకపోతే అతడు కోరమండల్ తీరానికి వచ్చి ఉండేవాడు. అతడెక్కిన కొత్త ఓడ మాత్రం ఆఫ్రికాకు, బానిసల వ్యాపారానికి పోయేది.

ఆఫ్రికా పడమటి తీరంలో ప్లాంటేన్ దీవుల వద్ద అతడు ఒక తెల్ల వ్యాపారి కింద పనికి కుదిరాడు. జబ్బుపడ్డాడు. ఆ ఇంట తిండికి, గుడ్డకు, గుక్కెడు నీళ్లకు అలమటించాడు. సంకెళ్లలో ఉన్న బానిసలే తమ కొద్దిపాటి తిండిలోంచి చాటుగా ఇతనికి పెట్టారు. ఆ దశలోనూ అతని దగ్గర ఒక గణిత పుస్తకం ఉండేది. ఏకాంతంగా ఇసుకలో పుల్లతో త్రిభుజాలు గీస్తూ రేఖాగణితం నేర్చుకున్నాడు. తండ్రి పురమాయింపు మీద గ్రేహౌండ్ అనే ఓడ కెప్టెన్ వెతుక్కుంటూ వచ్చి అతణ్ణి ఎక్కించుకున్నాడు. ఎక్కాక కూడా దేవదూషణ మానలేదు. నావికులే అదిరిపోయే బూతులు కొత్తగా కల్పించేవాడు.

1748 మార్చి. గ్రేహౌండ్ అట్లాంటిక్ దాటి ఇంటిదారి పట్టింది. ఎక్కువ కాలం వేడి సముద్రాల్లో తిరిగిన ఓడ కావడంతో తెరచాపలు, త్రాళ్లు బాగా అరిగిపోయి ఉన్నాయి. నడిరాత్రి తుఫాను విరుచుకుపడి, న్యూటన్ పడుకున్న గదిలోకి కెరటం వచ్చింది. అతడు పైకి ఎక్కుతుండగా కత్తి పట్టుకురమ్మని కెప్టెన్ కేకేశాడు. అతడు వెనక్కి తిరిగాడు. అతని బదులు పైకెక్కిన మనిషిని మరుక్షణమే కెరటం కొట్టుకుపోయింది. ఓడ ఒక పక్క పై పలకలు చీలిపోయాయి. పక్కగుడ్డలు, చొక్కాలు ఆ సందుల్లో కూరి, మీద చెక్కలు కొట్టారు. మైనం, రంగు చెక్క వంటి తేలికైన సరుకు ఉండబట్టే ఓడ మునగలేదు. తెల్లవారుజాము మూడు నుంచి మధ్యాహ్నం దాకా న్యూటన్ తాడుతో కట్టుకుని పంపు కొట్టాడు. ఒంట్లో సత్తువ అయిపోయాక చుక్కాని పట్టించారు. అర్ధరాత్రి దాకా, ఇంచుమించు 11 గంటలు, చుక్కాని దగ్గరే నిలబడ్డాడు. అక్కడే తల్లి నేర్పిన వాక్యాలు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. తనలాంటివాడికి కనికరం దొరుకుతుందా అని మొదటిసారి ఆలోచించాడు. ఓడలో ఇలాంటివాడు ఉండబట్టే ఈ కీడు వచ్చిందని కెప్టెన్ అతణ్ణి యోనాతో పోల్చి తిట్టాడు. నాలుగు వారాలు ఆకలితో, చిరిగిన తెరచాపలతో నెట్టుకొచ్చి, ఏప్రిల్‌లో ఐర్లండ్ తీరం చేరారు. పాత పంచాంగం ప్రకారం తుఫాను వచ్చిన తేది మార్చి 10, కొత్త పంచాంగంలో 21. ఆయన జీవితాంతం మార్చి 21ని ఉపవాస ప్రార్థనలతో గడిపాడు.

సాధారణంగా ఇక్కడ మనం హల్లెలూయ చెప్పి కథ ముగిస్తాం. న్యూటన్ జీవితం అక్కడ ముగియలేదు. అదే ఏడాది అతడు బ్రౌన్‌లో అనే బానిసల ఓడలో కెప్టెన్ తర్వాతి అధికారిగా బయలుదేరాడు. 1750లో మేరీ క్యాట్లెట్‌ను పెళ్లాడాడు. అదే సంవత్సరం తానే కెప్టెన్ అయ్యాడు. 1754 వరకు మూడుసార్లు ఆఫ్రికా మనుషులను కొని, అట్లాంటిక్ అవతల అమ్మాడు. దేవుణ్ణి మరిచి చేశాడా అంటే, లేదు. ఆదివారం రెండు పూటలా నావికులను కూడబెట్టి ఆరాధన జరిపాడు. భార్యకు ప్రేమగా ఉత్తరాలు రాశాడు. పైన ప్రార్థన జరుగుతుంటే, కింద ఓడ అడుగున గొలుసుల చప్పుడు. రెంటికీ మధ్య ఉన్నది కొన్ని అంగుళాల చెక్క.

అనివి, అమరము, కొయ్య, చుక్కాని ఎంత బాగున్నా, ఓడ బతికేది అడుగున వేసిన సరుకు కోసం. బానిసల ఓడలో ఆ సరుకు మనుషులు. న్యూటన్ తర్వాత తానే వివరించిన లెక్క ఇది: 100 టన్నుల పైచిలుకు ఓడలో 220 నుంచి 250 మందిని ఎక్కించేవారు. వారిని ఉంచే చోటు ఎత్తు కొన్నిసార్లు ఐదడుగులైనా ఉండదు. దాన్ని కూడా మధ్యలో అరగా చీల్చి, బీరువాలో పుస్తకాలు సర్దినట్టు వరసగా పడుకోబెట్టేవారు. ఇద్దరిద్దరిని కలిపి సంకెళ్లు వేసేవారు. ఒకడు కదలాలంటే పక్కవాడికి నొప్పి. కొన్ని ఉదయాలు బతికినవాడు చచ్చినవాడితో కలిసి సంకెలలో కనబడేవాడు.

ఆ రోజుల్లో తన పని చెరసాల కాపలావాడి పనిలా ఉందని న్యూటన్‌కు అనిపించేది. ఇంతకంటే మంచి పని చూపించమని ప్రార్థించేవాడు కూడా. కానీ అది పాపమని అప్పట్లో అతనికి తోచలేదు. చుట్టూ ఉన్న సమాజం దాన్ని గౌరవమైన వ్యాపారమే అనుకుంది. 1754లో మరో ప్రయాణానికి రెండు రోజుల ముందు మూర్ఛ వచ్చి పడిపోయాడు. వైద్యుల సలహాతో సముద్రం మానేశాడు. అంటే ఆ వ్యాపారం విడిపించింది జబ్బే, అప్పటికి మనస్సాక్షి కాదు.

తర్వాత లివర్‌పూల్ రేవులో సుంకం శాఖ ఉద్యోగం చేస్తూ గ్రీకు, హెబ్రీ భాషలు సొంతంగా నేర్చుకున్నాడు. 1764లో అభిషేకం పొంది ఓల్నీ అనే చిన్న ఊరికి కాపరి అయ్యాడు. అల్లిక పని చేసుకునే పేదలు ఉన్న ఊరు అది. మానసిక వేదనతో నలిగిన కవి విలియం కూపర్‌కు అక్కడ తోడుగా నిలిచాడు. 1773 నూతన సంవత్సర దినాన, దినవృత్తాంతముల మొదటి గ్రంథం 17వ అధ్యాయంలో దావీదు చేసిన ప్రార్థన మీద ప్రసంగించాడు. ఆ ప్రసంగం కోసం రాసినదే అమేజింగ్ గ్రేస్. 1779లో ఓల్నీ కీర్తనల పుస్తకంలో అది అచ్చయింది. 1780లో లండన్‌లోని సెయింట్ మేరీ వూల్‌నాత్ సంఘానికి మారాడు.

ఆ కీర్తన రాసేనాటికి కూడా ఆయన బానిసల వ్యాపారం గురించి బహిరంగంగా నోరు విప్పలేదు. 1785లో విలియం విల్బర్‌ఫోర్స్ అనే యువ పార్లమెంటు సభ్యుడు రహస్యంగా సలహాకు వస్తే, రాజకీయం వదిలిపెట్టక అక్కడే ఉండి దేవుని సేవ చేయమని చెప్పి పంపాడు. 1788లో, సముద్రం మానిన 34 ఏళ్లకు, ఆఫ్రికా బానిసల వ్యాపారం మీద ఒక చిన్న పుస్తకం అచ్చువేశాడు. తాను చేసింది తన పేరుతోనే ఒప్పుకున్నాడు. ఓడ అడుగున ఏం జరిగిందో కొలతలతో, లెక్కలతో చెప్పాడు. పార్లమెంటు విచారణలో సాక్ష్యమిచ్చాడు. చూపు మందగించిన ముసలితనంలో, 1807 మార్చిలో, ఆ వ్యాపారాన్ని నిషేధించే చట్టం వచ్చిన వార్త విన్నాడు. ఆ డిసెంబరు 21న కన్నుమూశాడు. తన సమాధి మీద చెక్కడానికి తానే రాసిపెట్టిన మాటల్లో కూడా తన పాత బతుకును దాచలేదు.

ఆయనకు మన తెలుగు నేలతో ఒక బంధం ఉంది. లండన్‌లో ఆయన ప్రసంగాలు విని మారుమనస్సు పొందిన యువకుల్లో క్లాడియస్ బుకానన్ ఒకడు. న్యూటన్ సాయంతో చదువుకుని, 1797లో కలకత్తా వచ్చాడు. ఫోర్ట్ విలియం కళాశాలలో మన సి.పి. బ్రౌన్ తండ్రి డేవిడ్ బ్రౌన్‌తో కలిసి పనిచేశాడు. 1806లో తీరం వెంబడి ప్రయాణిస్తూ విశాఖపట్నంలో క్రాన్, డెస్ గ్రాంజెస్ మిషనరీలను చూశాడు. అప్పుడు వారు సువార్తలను తెలుగులోకి తెస్తున్నారు. ఓడలు ఆగే రేవు పట్టణంలో మొదలైన ఆ పని ఎన్నో చేతులు మారి, సముద్రమెరుగని మన పల్లెల దాకా వచ్చింది.

చట్టం వచ్చినంత మాత్రాన ఓడ అడుగులు ఖాళీ కాలేదు. బ్రిటిష్ వలసల్లో బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటలకు మనుషులు కావలసి వచ్చారు. కోరంగి, విశాఖ, మద్రాసు రేవుల నుంచి మన తెలుగువాళ్లను ఒప్పంద కూలీలుగా మారిషస్‌కు, ఆ తర్వాత నేటాల్‌కు తరలించారు. 1860 నవంబరులో మద్రాసు నుంచి డర్బన్ చేరిన ట్రూరో ఓడలో తెలుగువాళ్లు ఉన్నారు, వారిలో క్రైస్తవులూ ఉన్నారు. వారు బానిసలు కారు, ఒప్పందం ఉంది. కానీ ఆ ఒప్పందంలో ఏముందో తెలియకుండానే వేలిముద్ర వేసినవారెందరో.

పాలమూరు వాళ్లకు ఈ కథ కొత్తది కాదు. నిన్నటిదాకా కొడంగల్ పాలమూరు జిల్లాలోనిదే. గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీసుకుని, ముంబై, పుణెలకు, ఎక్కడెక్కడి ఆనకట్టల పనులకో పోయిన కుటుంబాలు మనవి. మన సంఘాల్లో కూలికి పోయేవారున్నారు, కూలీలను పనికి పెట్టుకునేవారూ ఉన్నారు. పొలంలో, క్వారీలో, కట్టడాల దగ్గర, ఇంటి పనిలో మన కింద కూడా ఎవరో ఒకరు ఉన్నారు. ఆదివారం వారు మన పక్కన కూర్చున్నా, కూర్చోకపోయినా, సోమవారం వారి కూలి, వారి అప్పు మన చేతుల్లోనే ఉంటాయి.

అందుకే మేము ఈ కథను తుఫాను దగ్గర ఆపలేదు. న్యూటన్ చుక్కాని పట్టిన రాత్రి దేవుడు ఆయనను రక్షించాడు, అది నిజం. ఆ రక్షణ వెలుగు ఓడ అడుగుదాకా దిగడానికి 40 ఏళ్లు పట్టింది, అదీ నిజం. ఆ ఆలస్యంలో ఎందరి బతుకులు అమ్ముడుపోయాయో! కృప ఆయనను వదిలిపెట్టలేదు. దాన్ని సాకుగా తీసుకుని మనం కూడా 40 ఏళ్లు ఆగవచ్చా? కూలివాని కూలి తెల్లవారే వరకు ఉంచుకోకూడదని ధర్మశాస్త్రం చెబుతోంది. యాకోబు పత్రిక చుక్కాని గురించి చెప్పిన కొద్దిసేపటికే, బిగబట్టిన కూలి దేవునికి మొరపెడుతుందని కూడా చెబుతుంది. ఆ రెండు మాటలూ ఒకే పత్రికలోవి.

ఈ ఆదివారం సాక్ష్యం చెప్పే ముందు ఒక్కసారి మెట్లు దిగి అడుగుకు వెళ్దాం. అక్కడ ఎవరి కూలి బాకీ ఉందో, ఎవరి కాగితం మన పెట్టెలో ఉందో, ఎవరి నోరు మన అప్పు మూసిందో చూద్దాం. చూసింది సోమవారమే సరిచేద్దాం. ప్రభువు మనకు ఆ ధైర్యాన్ని దయచేయును గాక.