కాశీయాత్రికుడు ఏనుగుల వీరాస్వామయ్య

కాశికి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానమని మన పెద్దలు చెప్పుకొనే రోజులవి. రైలు లేదు. పెద్ద నదులకు వంతెనలు లేవు. చాలాచోట్ల బండి నడిచే బాటయినా లేదు. అడవిలో మృగభయం, ఊరి వెలుపల దొంగల భయం, వానకాలంలో జ్వరాల భయం. కాశికి బయలుదేరేవారు ఇల్లూ వాకిలీ బిడ్డలకు అప్పగించి, బంధువుల వద్ద కడసారి సెలవు తీసుకొని పోయేవారు. అటువంటి కాలంలో సుమారు నూరుమంది పరివారంతో కాశికి పోయి, పదిహేను నెలల పదిహేను దినాలకు తిరిగివచ్చి, తాను చూచిన దారినంతా తెలుగువారికి గ్రంథరూపంలో ఇచ్చిన మహనీయుడు ఏనుగుల వీరాస్వామయ్యగారు.

ఆయన జననం 1780లో. పసితనంలోనే తండ్రి గతించినాడు. అయినా చదువు మానలేదు. తెలుగుతోపాటు అరవము, సంస్కృతము, ఇంగ్లీషు నేర్చి, చిన్న వయస్సులోనే కొలువులో చేరి, క్రమంగా చెన్నపట్నం సుప్రీంకోర్టులో హెడ్ ఇంటర్‌ప్రిటరు, అనగా ప్రధాన ద్విభాషి, అయినారు. ద్విభాషి ఉద్యోగం మాటలతో కూడిన ఉద్యోగమే కాని, అందులో సొంత మాటకు చోటులేదు. సాక్షి చెప్పినదానికి ఒక మాట చేర్చరాదు, ఒక మాట విడువరాదు. చెప్పినది చెప్పినట్లు అప్పగించే ఈ అలవాటు ఆయన యాత్రారచనకు పునాది అయినదని చెప్పవచ్చును.

చెన్నపట్నం సముద్రాన్ని నమ్ముకొని పెరిగిన నగరం. అప్పటికి అక్కడ ఓడరేవు కట్టలేదు. ఓడలు దూరాన లంగరువేసి నిలిస్తే, మనుషులను, సరకులను మసులా పడవలలో ఎక్కించి, అలలను దాటించి ఒడ్డుకు చేర్చేవారు. ఆ నగరవాసికి కలకత్తా పోయే ఓడలు క్రొత్త కాదు. అయినా ఆయన రాకపోకలు రెండింటికీ నేలదారినే పట్టినారు. ఓడ యెక్కినవానికి నీరూ ఆకాశమూ కనిపిస్తాయి. నేలదారిన పోయేవానికి దేశం కనిపిస్తుంది.

1830 మే 18వ తేదీన ప్రయాణం మొదలైనది. పల్లకీలు, బోయీలు, డేరాలు, వంటసామగ్రి, కావలివారు, అంతా ఒక కదిలే పల్లెవలె ఉండేది. ఆయనకు ప్రాణమిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళగారు. దారిలోని విశేషాలను ఎప్పటికప్పుడు జాబులుగా వ్రాసి పంపవలెనని ఆయన కోరినారు. స్నేహితుని కోరిక తీర్చడానికై మజిలీ మజిలీకి వ్రాసిన ఆ వ్రాతలే తరువాత కాశీయాత్ర చరిత్ర అయినవి.

మొదట తిరుపతి, తరువాత కడప, అహోబిలం, ఆత్మకూరు దాటి, నల్లమల అడవిలో ప్రవేశించి శ్రీశైలం చేరినారు. నేడు పామూరు, కనిగిరి, మార్కాపురం ప్రాంతాలవారు దోర్నాల మీదుగా తూర్పువైపునుండి శ్రీశైలం కొండ యెక్కుతారు. వీరాస్వామయ్యగారు యెక్కినది పడమటి వైపునుండి. ఆ రోజులలో ఆ క్షేత్రం కందనూరు నవాబు ఏలుబడిలో ఉండేది. యాత్రికుల వద్ద సుంకం వసూలవుతున్నది, ఆలయం మాత్రం ఆలనాపాలనా లేక ఉన్నది. భక్తితో కొండ యెక్కిన వీరాస్వామయ్యగారు ఈ దురవస్థను చూడనట్లు నటించలేదు. అడవిలో యాత్రికులకు తోడుగా నిలిచే చెంచుల సంగతినీ విడువలేదు. భక్తి ఆయన కన్నులను మూయలేదు.

అక్కడినుండి కృష్ణానది దాటి హైదరాబాదు, నాగపూరు, జబల్పూరు మీదుగా ప్రయాగ, కాశీ చేరినారు. ఉత్తరాన గంగమీద కొంత దూరం పడవ ప్రయాణం సాగినది. పాట్నా, గయ, కలకత్తా చూచినారు. ఆ కాలంలో ప్రయాగ, గయ, పురి క్షేత్రాలలో కుంపిణీవారు యాత్రికులమీద పన్ను విధించేవారు. అది 1840లోగాని రద్దుకాలేదు. పుణ్యంకొరకు పోయే బీదవానికి సుంకపు చావడి ఎంత బరువో గ్రహించడానికి ఇటువంటి గ్రంథం ఎంతో తోడ్పడుతుంది.

తిరుగు ప్రయాణం సముద్రతీర మార్గాన సాగినది. పురీ జగన్నాథాన్ని సేవించి, గంజాం, విశాఖపట్నం సీమలు దాటి, గోదావరిని, కృష్ణను గడచి, బందరు, నెల్లూరు మీదుగా 1831 సెప్టెంబరు 3వ తేదీన చెన్నపట్నం చేరినారు. పటం ముందుంచుకొని ఈ దారిని గీసి చూస్తే ఒక విశేషం కనిపిస్తుంది. పోయేటప్పుడు నల్లమలకు పడమటగా పోయినారు. వచ్చేటప్పుడు సముద్రం వెంబడి వచ్చినారు. పామూరు, కంభం, గిద్దలూరు, మార్కాపురం సీమ ఆ వలయానికి నడుమ మిగిలిపోయినది. ఆయన కలం ఈ సీమ మెట్టచేలను, పలుగురాళ్ల నేలను ముట్టలేదు.

వీరాస్వామయ్యగారు 1836లో స్వర్గస్థులైనారు. శ్రీనివాసపిళ్ళగారు మిత్రుని వ్రాతలను సమకూర్చి 1838లో అచ్చువేయించినారు. మిత్రఋణం తీర్చుకొన్న తీరు ఇది. కందుకూరి వీరేశలింగం పంతులుగారు పుట్టడానికి పదేండ్ల ముందే, తెలుగు వచనానికి సభలో పీట లేని రోజులలో, ఇంత పెద్ద వచన గ్రంథం వెలువడినది. దాని భాష నాటి చెన్నపట్నం తెలుగువారు మాట్లాడుకొనే భాష. హిందుస్తానీ, అరవ, ఇంగ్లీషు మాటలు అందులో సంకోచం లేకుండా కలిసి నడుస్తాయి. ఏ ఊరు ఎంత దూరం, ఎక్కడ మంచినీళ్లు దొరుకుతాయి, ఎక్కడ అంగళ్లున్నవి, ఏ దారి మంచిది అన్న వివరాలు ఓపికగా వ్రాయబడినవి. తరువాత వచ్చే బాటసారి కష్టపడరాదన్నదే వాటి పరమార్థం. 1941లో దిగవల్లి వేంకటశివరావుగారి పరిష్కరణతో ఆ గ్రంథం మరల వెలువడి, క్రొత్త తరానికి అందినది.

ఒక సంగతి మరువరాదు. పల్లకిలో కూర్చున్నది వీరాస్వామయ్యగారు. నడిచినది బోయీలు. కొండలూ వాగులూ ఇసుకదిబ్బలూ వారి పాదాలు కొలిచినవి. గ్రంథకర్త పేరు మిగిలినది, వారి పేర్లు నేటి పాఠకులకు తెలియవు. ఆ మహాయాత్రను కొనియాడేటప్పుడు ఈ అజ్ఞాతుల శ్రమకు కూడ నమస్కరించడం న్యాయం.

నేడు పామూరులో ప్రొద్దున బస్సెక్కిన విద్యార్థి మధ్యాహ్నానికల్లా సముద్రపుటొడ్డున నిలువవచ్చును. ప్రయాణంలో కష్టం తగ్గినది, దానితోపాటు చూపు కూడ తగ్గినది. దారిలోని చెరువు పేరేమి, అందులో నీరు ఎందుకు లేదు, ఆ పాడుబడిన సత్రం ఎవరు కట్టించినారు అని అడిగేవారు అరుదు. ఈ ప్రాంతపు ఉపాధ్యాయులు విహారయాత్రకు పిల్లలను తీసుకొనిపోయినప్పుడు, తిరిగి వచ్చిన తరువాత ఒక్కొక్కరిచేత రెండేసి పుటలు వ్రాయిస్తే చాలును. వీరాస్వామయ్యగారి కలానికి తగలక మిగిలిన ఈ సీమ ఆ విధంగానైనా అక్షరాలకెక్కుతుంది.